ఇరాక్ తరఫున మాట్లాడిన అమ్మాయి

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. తెలియని గొంతు. “కువైట్ సారేనా?” అని అడిగింది.

రాంగ్ నంబర్ అనబోయి ఆగిపోయాను. నన్ను ఆ పేరుతో పిలిచే మనిషి ఈ లోకంలో ఒక్కతే. ఫోన్ చేసింది ఆమె తమ్ముడు. అక్క పోయి పదకొండు రోజులైందట. ఆమె డైరీలో ఉన్న నంబర్లన్నిటికీ వరసగా చెప్పుకుంటూ వస్తున్నాడు. నా నంబరు ఎదురుగా పేరు లేదు, కువైట్ అని మాత్రం ఉంది. బాధపడిందా అని అడిగాను. లేదు సార్, నిద్రలనే పోయింది అన్నాడు.

ఫోన్ పెట్టేసి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఎండ కళ్లు మూయించేలా ఉంది. ఆ ఎండలోంచి నెమ్మదిగా ఒక సభామందిరం తేలివచ్చింది. దానికి పైకప్పు లేదు. గోడల మీద జెండాలున్నాయి. మూలబల్ల దగ్గర ఒక అమ్మాయి తల వంచుకుని, ఎవరి చొక్కాకో చమ్కీలు కుడుతోంది.

ఆమె పేరు రాయను. తన పేరు ఎక్కడా కనపడకుండా పని చేయడం ఆమె ఎంచుకున్న పద్ధతి. ఆ మర్యాద ఇప్పుడు నేను తప్పడం బాగుండదు.

మేం అప్పుడు వెంగళరావు నగర్‌లో అద్దెకుండేవాళ్లం. నాన్న భీమవరం వైపు నుంచి వచ్చి సినిమా సెట్లు వేసే పనిలో కుదురుకున్నాడు. ప్లైవుడ్ మీద పాలరాతి చారలు దిద్ది, ముట్టుకుంటే చల్లగా తగులుతుందేమో అనిపించడం ఆయన విద్య. ఎనభై తొమ్మిదిలో ఒక నిర్మాత గూఢచారి సినిమా మొదలుపెట్టి, పతాక సన్నివేశం కోసం ఫిల్మ్ నగర్ బండల మధ్య, ఒక స్టూడియో ఆవరణలో అంతర్జాతీయ సభామందిరం వేయించాడు. అర్ధచంద్రాకారంలో బల్లలు, ఒక్కో బల్ల మీద దేశం పేరు రాసిన పలక, వెనక గోడ నిండా స్కూలు అట్లాసు చూసి వేసిన జెండాలు. నాలుగు రోజులు షూటింగ్ జరిగాక హీరోకీ నిర్మాతకీ చెడింది. మిగతా సీన్లు తీసేదాకా సెట్ విప్పొద్దన్నారు. ఆ సీన్లు ఎప్పటికీ తీయలేదు. సెట్ మాత్రం ఏడాదికి పైగా అక్కడే నిలబడిపోయింది. తాళంచెవి నాన్న దగ్గరుండేది.

మా వీధిలోనే ఉండి లా చదువుతున్న మురళిని ఒక ఆదివారం సెట్ చూపిద్దామని తీసుకెళ్లాను. అతను నేరుగా వెళ్లి అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నాడు. గంట గడిచినా లేవలేదు. వచ్చే ఆదివారానికల్లా పదిమందిని పోగుచేశాడు. దానికి ప్రపంచ సభ అని పేరు పెట్టాడు. పద్ధతి కూడా అతనిదే. ఖాళీ ఫిల్మ్ డబ్బాలో దేశాల పేర్లు రాసిన చీటీలు వేసి కలిపేవాడు. ఎవరికి ఏ దేశం వస్తే వాళ్లు వారమంతా పేపర్లు చదివి, మరుసటి ఆదివారం ఆ దేశం తరఫున వాదించాలి. నీ సొంత అభిప్రాయం గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచి రావాలి అనేవాడు.

మాకు పంతొమ్మిదీ ఇరవై ఏళ్లు. క్షిపణుల గురించి, సరిహద్దుల గురించి, ఎవరి దగ్గర ఎన్ని అణుబాంబులుండాలో దాని గురించి గొంతులు పోయేలా అరుచుకునేవాళ్లం. నెత్తిన మబ్బులు నడిచేవి. గద్దలు గుండ్రంగా తిరిగేవి. పక్క షూటింగ్ ఫ్లోర్‌లో పాట తీస్తుంటే ఒకే ఒక్క చరణం పొద్దస్తమానం మోగుతూ ఉండేది. ఆ పాట ఎక్కడో ఒకచోట తెగ్గానే మా మాటలు హఠాత్తుగా పెద్దగా వినపడి, మాకే సిగ్గేసేది. మళ్లీ పాట అందుకోగానే ధైర్యం వచ్చేది.

ఆమె మొదట గుమ్మంలోనే నిలబడేది. వాళ్లమ్మ కాస్ట్యూమ్స్ విభాగంలో కుట్టుపని చేసేది. రహమత్ నగర్ నుంచి బట్టల మూటలు పక్క ఫ్లోర్‌కి చేరవేయడం ఈమె పని. మూట దించి వెళ్తూ వెళ్తూ మా గుమ్మం దగ్గర ఆగేది. ఒక పాదం మీద ఇంకో పాదం ఆనించి, కొంగలా, అరగంటసేపు కదలకుండా వినేది. మూడో ఆదివారం లోపలికి వచ్చి మురళిని అడిగింది.

“ఎవ్వలు అడగని దేశం ఏదన్న మిగిలితే నాకియ్యుండ్రి.”

మురళి పలకలన్నీ చూసి భూటాన్ అన్నాడు. ఆమె వెళ్లి ఆ పలకను ఓణీ చెంగుతో తుడిచి, వెనక కూర్చుంది.

మరుసటి ఆదివారం ఆమె మాట్లాడుతుంటే మేం నవ్వాం. ఆమె చెప్పింది నవ్వొచ్చే విషయం కాదు. పెద్ద దేశాల నడుమ చిన్న దేశం గిట్ల ఎన్ని దినాలు బతుకుతది అని మొదలుపెట్టింది. ఆ గిట్ల అన్న మాటకే నవ్వాం. అప్పట్లో ఆ యాస తెర మీద వినిపిస్తే హాలంతా నవ్వేది, దాన్ని పలికేది హాస్యగాడో, విలన్ పక్కన నిలబడే మనిషో అయి ఉండేవాడు. కోస్తా నుంచి వచ్చిన మాకు అది భాష అన్న సంగతి ఇంకా తెలియలేదు. ఆమె ఆగి, మేం నవ్వడం అయ్యేదాకా చూసింది. కోపం లేదు ముఖంలో. తర్వాత మురళి వైపు తిరిగింది.

“ఆళ్లు నవ్వింది నా టైంల పోవద్దు. మళ్ల మొదలువెట్టుండ్రి.”

మురళి గడియారం చూసి, సిగ్గుపడి, మళ్లీ మొదటి నిమిషం నుంచి లెక్కపెట్టాడు. ఆ సభలో ఆమె యాసకి నవ్వడం ఆ రోజుతోనే ఆగిపోయింది.

ఆ తర్వాత ఆదివారాలన్నీ నా జ్ఞాపకంలో ఒకే మధ్యాహ్నంలా కలిసిపోయాయి. ఆమె ఎప్పుడూ చిన్న దేశమే అడిగేది. మాల్టా, ఫిజీ, మాల్దీవులు. మేం అమెరికా, రష్యా చీటీల కోసం చేతులు నలుపుకుంటుంటే ఆమె మిగిలిన పలకల్లో ఒకటి ఎంచుకుని మూలకు వెళ్లేది. వినేటప్పుడు ఆమె చేతులు ఖాళీగా ఉండేవి కావు. రేపటి పాటలో డాన్సర్లు వేసుకోవాల్సిన జాకెట్లో, ఏ రాజుగారి కోటో ఒళ్లో ఉండేది. మురళి అణుయుద్ధం తర్వాత భూమి ఎలా చల్లబడిపోతుందో చెబుతుంటే ఆమె సూది పైకి లేచేది, దిగేది. ఎండ పడిన చమ్కీలు వెనక గోడ మీద చిన్న చిన్న వెలుగులు చల్లేవి. అవి జెండాల మీద ఈదుతూ ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయేవి. నేను చెప్పాల్సిన వాదన మరిచిపోయి వాటినే చూస్తూ ఉండిపోయిన రోజులున్నాయి.

మా బల్లల మీద మైకులు కొయ్యవి, వెండిరంగు పూసినవి. మాట్లాడే ముందు ఆమె ఆ మైకును రెండుసార్లు వేలితో తట్టేది. కొయ్య మైకును తట్టడమేమిటని అడిగాను. మాట్లాడే ముందు తట్టాలె, ఎవ్వలింటికైనా తలుపు కొట్టకుండ పోతమా అంది.

ఆమెకు ప్రపంచ రాజకీయాలన్నీ వాళ్ల గల్లీలోని నల్లా దగ్గర జరిగేవి. వీటో అంటే ఏమిటో మురళి పావుగంట చెప్పాక, ఆమె తనకు అర్థమైంది అంది. వాళ్ల గల్లీలో నల్లా కాడ అయిదుగురు పెద్దమనుషుల ఇళ్లున్నాయట. నీళ్లు ఎవరికి ఎంతని పొద్దున్నే అందరూ కూర్చుని మాట్లాడుకుంటారట. ఆ అయిదిళ్లలో ఏ ఒక్కరికి నచ్చకపోయినా పైపు పీకి ఇంట్లో పెట్టుకుంటారట. మిగతా బిందెలన్నీ ఎండలో నిలబడతాయట. ఖండన తీర్మానం అన్న మాట విని చాలాసేపు ఆలోచించి, అంటే కుర్చీల కూసొని తిట్టుడన్నట్టు అంది. మేం నవ్వితే తనూ నోటుబుక్కు అడ్డం పెట్టుకుని నవ్వింది.

వాళ్ల నాన్న గురించి ఒకసారి ఎవరో అడిగారు. డ్రైవర్ అని చెప్పింది. ఎక్కడ అని ఎవరూ అడగలేదు. దూరదేశాల గురించి అన్నీ తెలిసిన మాకు ఆ ఒక్క ప్రశ్న తోచలేదు.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. ఆ ఆదివారం మా సభ పండగలా ఉంది. అంత పెద్ద సంఘటన మా కాలంలో జరగడమే మాకు గొప్ప. వాన వల్ల ఆరుగురమే వచ్చాం. చిన్న దేశాలు పక్కన పెట్టి, గొడవతో సంబంధం ఉన్న ఆరు పేర్లే రాసి, అందరూ చీటీ తీయాల్సిందే అన్నాడు మురళి. నాకు కువైట్ వచ్చింది. ఆమె చీటీ విప్పి చూసి, మళ్లీ మడిచి, మళ్లీ విప్పింది. ఇరాక్. ముఖం చూసి మురళి కష్టమైతే మార్చుకోమన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

“వద్దు. చీటీ చీటే.”

వారం తర్వాత సభ జరిగింది. వాన ఆగింది కానీ జెండాల రంగులు కారి ఒకదాంట్లోకి ఒకటి దిగాయి. నేను కువైట్ తరఫున మాట్లాడాను. అంత బాగా నేనెప్పుడూ మాట్లాడలేదు. చిన్న దేశాన్ని పెద్ద దేశం మింగేస్తే ప్రపంచం చూస్తూ ఊరుకుంటుందా అని బల్ల గుద్దాను. నా గొంతు నాకే ముద్దొచ్చింది. ప్రశ్నలడిగే సమయంలో ఆమె లేచి, మీ దేశంలో పనికి వచ్చిన పరదేశపోళ్లు ఎంతమంది ఉన్నరు, ఆళ్ల సంగతేంది అని అడిగింది. నా ప్రసంగం వేడి తగ్గించే ప్రశ్న అనిపించి చిరాకేసింది.

“అధ్యక్షా, ఇది ఒక దేశపు సార్వభౌమత్వం గురించిన చర్చ. వంటవాళ్ల గురించీ డ్రైవర్ల గురించీ కాదు” అన్నాను.

మిగతావాళ్లు బల్లలు చరిచారు. ఆమె కూర్చుంది.

ఆమె వంతు వచ్చేసరికి పక్క ఫ్లోర్‌లో ఏదో స్వర్గం సీను మొదలైనట్టుంది, తెల్లటి పొగ ప్లైవుడ్ సందుల్లోంచి మా మందిరంలోకి పాకింది. బల్లల కాళ్లు మునిగిపోయాయి. మేమంతా నడుముల దాకా మబ్బులో కూర్చున్నట్టుంది. ఆ మబ్బులో నిలబడి ఆమె మైకును రెండుసార్లు తట్టింది. ఆ రోజు ఒళ్లో కుట్టుపని లేదు.

ఇరాక్ వాదన ఆమె నిజాయితీగా వినిపించింది. ఎవరో తెల్లదొర కాగితం మీద గీసిన సరిహద్దు గురించి, నేల కింద పంచుకోలేని నూనె గురించి, ఎనిమిదేళ్ల యుద్ధంలో చితికిపోయిన దేశం గురించి. ఒక్క మాట తడబడలేదు. మురళి గడియారం చూసి టైం అయిందనబోతే చెయ్యి ఎత్తి ఆపింది.

“ఇంకొక్క మాట రాసుకోండ్రి. ఇరాక్ మాటిస్తున్నది. కష్టం చేసుకుందామని వచ్చినోళ్లతోని మాకు లడాయి లేదు. డ్రైవర్లు, వంటోళ్లు, ఇండ్లు ఊడ్సేటోళ్లు, ఏ దేశపోళ్లయినా సరే, ఇంటికి పోతమంటే తొవ్వ ఇడుస్తం. ఒక్కలను గూడ ఆపం.”

తీర్మానంలో ఆ అంశమే లేదన్నాడు మురళి. రాసుకోండ్రి అని మళ్లీ అంది. గొంతు పెద్దది చేయలేదు. కొయ్య మైకును మాత్రం రెండు చేతులతో పట్టుకుంది. అతను రాసేదాకా వదల్లేదు. సభ అయ్యాక ఆ మాటలున్న కాగితానికి నకలు అడిగి తీసుకుంది. అధ్యక్షుడి సంతకం అడిగింది. తర్వాత నా దగ్గరికి వచ్చి నా సంతకం కూడా కావాలంది. నేను హుందాగా పెన్ను తీసి, కువైట్ ప్రతినిధి అని రాసి, కింద రెండు గీతలు గీసి ఇచ్చాను. ఆ రోజు నుంచే నేను ఆమెకు కువైట్‌ని.

తర్వాతి రెండు ఆదివారాలు ఆమె రాలేదు. కనుక్కుని రమ్మని మురళి నన్ను పంపాడు. సైకిల్ మీద యూసుఫ్‌గూడ దాటి రహమత్ నగర్ గల్లీల్లో అడుగుతూ అడుగుతూ వెళ్లాను. ముందుగదిలో కుట్టుమిషన్ ముందు వాళ్లమ్మ ఉంది. ఈమె ఇంట్లో లేదు. నాయన పాస్‌పోర్టు జిరాక్సు పట్టుకుని పొద్దున్నే ఆఫీసుల చుట్టూ తిరగడానికి వెళ్లిందని చెప్పింది.

“నాయన ఎక్కడున్నారండీ?” అని అడిగాను.

“కువైట్ల బిడ్డా. నాలుగేండ్లాయె. ఒక షేకు ఇంట్ల కారు నడుపుతడు.”

వంటవాళ్ల గురించీ డ్రైవర్ల గురించీ కాదు అన్న నా గొంతు నాకు మళ్లీ వినపడింది. బల్లలు చరిచిన చప్పుడు కూడా.

ఇంతలో ఎదురింట్లోంచి ఒకామె గబగబా వచ్చింది. చంద్రమ్మ. ముప్పై ఏళ్లుంటాయేమో. చేతులకి పిండి అంటుకుని ఉంది. ఆమె భర్త కూడా అక్కడే, ఒక హోటల్లో వంట పని చేస్తాడు. సభలో కాగితం రాసిన పిలగాడు వచ్చిండని ఎవరో చెప్పారట.

“నువ్వేనా అయ్యా కువైట్ తరఫున సంతకం వెట్టింది? అందరిని ఇడిసివెడతమని ఆళ్లు మాటిచ్చిన్రంట గదా. ఇడుస్తరా?”

ఆమె కళ్లలోకి చూడలేక గోడ వైపు చూశాను. గోడకు కొట్టిన మేకుకి ఆ కాగితం గుచ్చి ఉంది. కింద నేను గీసిన రెండు గీతలు.

“విడుస్తారమ్మా” అన్నాను.

ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి వెళ్లిపోయింది.

వాళ్లమ్మ మిషన్ తిప్పడం ఆపి, టీ ఇచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. షూటింగుల్లో తాను ఎన్ని కోర్టులు చూసిందో, ఎన్ని రాజుల దర్బారులు చూసిందో, అవన్నీ ఎనక నుంచి చూస్తే కట్టెలూ మేకులేనని తనకు ఎరుకేనని చెప్పింది. సంగతి తెలిసినప్పటి నుంచి కూతురు సరిగ్గా అన్నం ముట్టలేదట. ఆ కాగితం తెచ్చి చదివి వినిపిస్తే, తాను నమ్మినట్టే తలూపిందట.

“అమ్మకు ధైర్యం వచ్చిందని ఆ పూట తిన్నది. నాకు ఎరుకనే అని దానికి చెప్పకు బిడ్డా. చంద్రమ్మకే ఎరుక లేదు.”

తిరిగి వస్తుంటే గల్లీ మలుపులో కూతురు ఎదురొచ్చింది. ఎండకి ముఖం కమిలిపోయింది. నన్ను చూడగానే నేను ఎక్కడి నుంచి వస్తున్నానో తెలిసిపోయింది. సైకిల్ దిగి, క్షమించమని అడగాలనుకుని, ఇరాక్ తరఫున ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను.

“ఆళ్ల లెక్కనే వారం దినాలు ఆలోచిస్తే, మా నాయనను ఇడుస్తరో ఇడువరో తెలుస్తదనుకున్న.”

“తెలిసిందా?”

“తెల్వలే” అంది. “ఎవ్వలు మాటియ్యకపోతిరి. అందుకని నేనే ఇచ్చిన” అంది.

చంద్రమ్మకు నేను చెప్పిన సంగతి కూడా చెప్పాను. ఆమె చేతిలో ఉన్న జిరాక్సు కాగితాల అంచులు సరిచేసుకుంటూ నిలబడింది. తర్వాత ఇంటి వైపు నడిచింది.

దసరాకు కొంచెం ముందు వాళ్ల నాన్న వచ్చాడు. ఎడారిలో బస్సుల మీద, నడిచి, జోర్డాన్‌లో గుడారాల్లో పడుకుని, అక్కడి నుంచి విమానంలో బొంబాయికి, బొంబాయి నుంచి రైల్లో. ఒంటి మీద బట్టలు, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. ఆ సంచిలో నీళ్ల సీసా ఉంది. ఇంటికి వచ్చాక కూడా చాలా రోజులు ఆ సీసా పక్కన పెట్టుకునే పడుకున్నాడని ఆమె తర్వాత చెప్పింది.

చంద్రమ్మ భర్త రాలేదు. వచ్చినవాళ్లలో ఎవరూ అతన్ని చూడలేదు. చంద్రమ్మ మాత్రం దిగులు పడలేదట. కాగితం మీద ఒక్కలను గూడ ఆపమని ఉంది కదా, జర ఆలస్యమైతున్నది అంతే అని, వచ్చినవాళ్లకే తిరిగి ధైర్యం చెప్పేదట. తన నాన్న వచ్చిన పదోరోజు ఈ అమ్మాయి మేకు నుంచి కాగితం తీసుకుని ఎదురింటికి వెళ్లింది. ఇది ఉత్తుత్తి సభ అని, ఇరాక్ తరఫున మాట్లాడింది తనేనని, ఈ మాట ఇచ్చింది కూడా తనేనని, దీన్ని ఆ దేశంలో ఎవ్వరూ చూడలేదని చెప్పింది. చంద్రమ్మ ఆమె చెంప మీద కొట్టింది. ఆమె కదలకుండా అక్కడే కూర్చుంది. చీకటి పడేదాకా ఇద్దరూ ఆ గదిలోనే ఉన్నారట.

నెల రోజులు చంద్రమ్మ గడప దాటి ఇటు రాలేదు. తర్వాత ఒక పొద్దున భర్త ఫోటో పట్టుకుని వచ్చి, నువ్వు ఇంగ్లీషుల రాస్తవు గదా, నిజమైన ఆఫీసుకు రాయి అంది. ఆమె రాసిన మొదటి అర్జీ అది.

మా సభ ఎలా ముగిసిందో పెద్దగా చెప్పడానికి లేదు. జనవరిలో బాంబులు పడటం మొదలయ్యేసరికి దానితో ఆడుకోవాలని ఎవరికీ అనిపించలేదు. స్టూడియోవాళ్లు ఒకరోజు సెట్ విప్పేశారు. ప్లైవుడ్ వేరే సినిమాలో పోలీస్ స్టేషన్ అయింది. మురళి కోర్టులో ప్రాక్టీసు పెట్టాడు. నేను ఒక పత్రికలో చేరి, అంతర్జాతీయ వార్తల పేజీ చూడసాగాను.

ఐదేళ్ల తర్వాత అనుకుంటాను, గల్ఫ్ కూలీల మీద ఒక వ్యాసం రాయాల్సి వచ్చి వాళ్లింటికి వెళ్లాను. అప్పటికి ఆమె ఒక స్కూల్లో క్లర్కుగా చేస్తోంది. సాయంత్రాలు ఆ ముందుగదిలో చాప పరిచి కూర్చునేది. చుట్టుపక్కల బస్తీల నుంచే కాదు, సిరిసిల్ల, జగిత్యాల దాకా మనుషులు వచ్చేవాళ్లు. దుబాయిలో జీతం ఇవ్వని సేటు మీద అర్జీ, మస్కట్‌లో ఆసుపత్రిలో ఉన్న కొడుకు కోసం అర్జీ. అన్నీ వాళ్ల పేర్లతోనే రాసేది, తన పేరు ఎక్కడా ఉండేది కాదు. వాళ్లు చెప్పింది తప్ప ఒక్క మాట ఎక్కువ రాసేది కాదు. వచ్చిన జవాబులో ఉన్నది తప్ప ఒక్క మాట ఎక్కువ చదివేది కాదు. ఏడ్చేవాళ్లు ఏడుస్తుంటే ఆగేది, ఆగి మిగతాది చదివేది.

మేం మాట్లాడుకుంటుండగా చంద్రమ్మ వచ్చింది. జుట్టు సగం నెరిసింది. నా వైపు చూడలేదు. ప్లాస్టిక్ కవరులోంచి, మడతల దగ్గర చిరిగిపోయిన ఒక కాగితం తీసి ఇచ్చి, చదువు బిడ్డా అంది. అది రెండేళ్ల క్రితం ఏదో ఆఫీసు నుంచి వచ్చిన జవాబు. కొన్నాళ్లకోసారి ఇలా వచ్చి చదివించుకుంటుందని తర్వాత తెలిసింది. ఈమె చేతులు తుడుచుకుని, అప్పుడే వచ్చిన ఉత్తరంలా విప్పి, పైన ఉన్న తేదీ నుంచి కింద ఉన్న ముద్ర దాకా ఇంగ్లీషులో చదివింది. తర్వాత తెలుగులో చెప్పింది. మీరు అడిగిన మనిషి పేరు మా కాడ ఉన్న లిస్టులల్ల ఎక్కడ గూడ లేదు.

“సచ్చిపోయిండని రాసిన్రా?”

“రాయలే చిన్నమ్మా.”

“ఉన్నడని రాసిన్రా?”

“అది గూడ రాయలే.”

చంద్రమ్మ కాసేపు ఆ రెండు జవాబులనూ తూకం వేస్తున్నట్టు నిలబడింది. సరే అని కాగితం మడిచి, కవరులో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఇంకా వెతుకుతున్నారని ఒక్క మాట కలిపి చదివితే ఏం పోయిందన్నాను. ఆమె నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

“ఒక్కపారి కలిపినం గద కువైట్. నేను, నువ్వు.”

నింద లేదు ఆ గొంతులో. అందుకే తట్టుకోలేకపోయాను. లేచి గల్లీ దాటి ఎదురింటికి వెళ్లాను. చంద్రమ్మ వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఐదేళ్లుగా మనసులో రాసుకున్నది చెప్పడం మొదలుపెట్టాను. ఆ రోజు మీరు అడిగినప్పుడు విడుస్తారని చెప్పింది నేనేనని, నాకేమీ తెలియకుండానే చెప్పానని, ఆ మాట నన్ను వదిలిపెట్టడం లేదని. ఆమె చేట ఆపి నా ముఖం పరీక్షగా చూసింది. గుర్తు తెచ్చుకోవాలని నిజంగానే ప్రయత్నించింది.

“నువ్వెవలు బిడ్డా?”

సంతకం పెట్టిన అబ్బాయినని, కువైట్‌నని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. చేట పక్కన పెట్టి, లోపలికి వెళ్లి, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను తాగేదాకా నిలబడి, ఖాళీ గ్లాసు అందుకుంది.

“నాకు అట్ల చెప్పినోళ్లు శానమంది ఉన్నరు అయ్యా. ఎవ్వలూ యాదికి లేరు. ఇంటికొచ్చి, ఎదురంగ కూసొని, అది అబద్దం అని చెప్పింది ఆ పొల్ల ఒక్కతే.”